మా కుక్క చేత రక్తం ఇప్పించాలా? ఇంట్లో ఒప్పుకోవడం లేదు

భీముడి అమ్మ:

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివేసి వెళ్ళిపోయే రకం నేను, రాయడం ఇదే మొదలు. కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

మా భీముడు లాబ్రడార్, నాలుగేళ్ళు నిండాయి. పోయిన వారం టీకాకి తీసుకెళ్తే తూకంలో 31 కిలోలు చూపించింది. 'తిండి తగ్గించాలమ్మా' అంటారని తల వంచుకుని నిలబడ్డాను. డాక్టరు గారు ఆ మాట ఎత్తలేదు. 'వీణ్ణి డోనర్‌గా రాసుకోమంటారా?' అన్నారు. దేనికి డోనర్ అని అడిగాను, నిజంగానే అర్థం కాలేదు. కుక్కలకి కూడా రక్తం ఎక్కిస్తారని, అది ఇంకో కుక్క దగ్గరే తీసుకోవాలని నాకు ఆ రోజే తెలిసింది. అంతకు ముందు రాత్రి ఎలుకల మందు తిన్న కుక్కపిల్ల ఒకటి వచ్చిందట. వాళ్ళ దగ్గరున్న నాలుగు నంబర్లకి ఫోన్ చేస్తే ముగ్గురు ఎత్తలేదు, ఒకాయన ఊళ్ళో లేడు. ఆ పిల్ల ఏమైందో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇంటికొచ్చి చెబితే మావారు ఒక్క ముక్కలో తేల్చేశారు. 'మనం రక్తమిస్తే మన ఇష్టంతో ఇస్తాం. వీడొచ్చి ఇస్తానని చెప్పాడా? వాడి రక్తం తీసి మనం దానం చేశామని చెప్పుకోవడమేంటి?' అన్నారు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, ఊరుకోదు కదా. 'టీకా వేయించేటప్పుడు అడిగావా నాన్నా?' అంది. 'టీకా వాడి కోసం. ఇది వాడి కోసం కాదు' అన్నారాయన. ఇద్దరూ నా వైపు చూశారు. నా దగ్గర జవాబు లేదు.

భీముడు నెమ్మదస్తుడే. ఉరుముకి కూడా బెదరడు. గోళ్ళు తీసే కత్తెర కనిపిస్తే మాత్రం బాత్రూమ్ తలుపు వెనక్కి వెళ్ళి, తోక బయట పెట్టి దాక్కుంటాడు. ఒకసారి ముందు కాలి నుంచి పరీక్షకి రక్తం తీశారు. కుయ్యిమనలేదు. కానీ ఇంటికొచ్చాక సాయంత్రం దాకా నాకు వీపు చూపిస్తూ పడుకున్నాడు.

ఎవరైనా ఇప్పించారా? ఎంత తీస్తారు, ఎక్కడి నుంచి తీస్తారు, మత్తు ఇస్తారా? తర్వాత నీరసపడతాయా? అన్నిటికంటే ముఖ్యం, వాడికి ఇష్టం లేదని నాకెలా తెలుస్తుంది?

జూలీ అన్న:

మా జూలీ రెండుసార్లు ఇచ్చిందక్కా. ఏమీ కాలేదు. ఇంటికొచ్చి తిని పడుకుంది, లేచి బంతి తెచ్చి నా కాళ్ళ మీద పడేసింది. మెడ దగ్గర జుట్టు మళ్ళీ పెరగడానికి టైమ్ పట్టింది, అంతే. టెన్షన్ పడకుండా ఇప్పించండి.

నల్లోడి తాత:

అమ్మా, నేను లెక్కల మనిషిని. ముప్పయ్యేళ్ళు అకౌంట్స్ చూసి రిటైరయ్యాను. మీవారి ప్రశ్నకి తర్వాత వస్తాను, ముందు అంకెలు చెప్పనివ్వండి.

కుక్క ఒంట్లో కిలోకి 80 నుంచి 90 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. మీవాడి 31 కిలోలకి సుమారు 2,600. ఒక సంచికి తీసేది 450, అంటే ఆరో వంతు. అదే సంచి 70 కిలోల మనిషి ఇస్తే అతని రక్తంలో పదో వంతు కూడా కాదు. 'మనుషులు ఇచ్చినట్టేనండీ' అని అందరూ తేలిగ్గా అనేస్తారు. కాదు. వాటా లెక్కన చూస్తే కుక్క మనకి దాదాపు రెట్టింపు ఇస్తోంది. తట్టుకోగలదు, అందులో అబద్ధం లేదు. కానీ 25 కిలోలు లేని కుక్కని ఎందుకు వద్దంటారో, ఒకసారి ఇచ్చాక రెండు మూడు నెలలు ఎందుకు ఆగమంటారో ఈ లెక్క వేసుకున్నాకే నాకు తలకెక్కింది.

మా నల్లోడు జాతి కుక్క కాదు. ఒక వానలో గేటు కింద నుంచి దూరి వచ్చి, వాన తగ్గినా పోనివాడు. 28 కిలోలు. జాతేమిటని ఎవరూ అడగలేదు. బరువు, వయసు, ఆరోగ్యం, గుణం, ఇవే చూశారు. ఏడాది నిండాలి, ఎనిమిదేళ్ళు దాటకూడదన్నారు. అప్పటికి వాడికి మూడేళ్ళు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను సూదికి భయపడ్డాను, వాడు ట్రిమ్మర్‌కి భయపడ్డాడు. తీసేది మెడ దగ్గరుండే పెద్ద నరం నుంచి. కాళ్ళలో నరాలు సన్నం, అంత రక్తం అంత వేగంగా రాదు, ఆలస్యమైతే గడ్డకడుతుంది. మెడ మీద అరచేయంత మేర జుట్టు తీసేస్తారు. చెవి పక్కనే ఆ గుయ్యిమనే చప్పుడు వినగానే వాడు నా చంకలో తల దూర్చాడు. తర్వాత మొద్దుబారే క్రీము రాసి అరగంట పైన ఆగారు. మత్తు ఇవ్వలేదు. కొన్నిచోట్ల కొద్దిగా ఇస్తారట. మా డాక్టరు గారి పద్ధతి వేరు. 'మెలకువగా పడుకోలేని కుక్క నాకు డోనరే కాదు' అనేవారు.

బల్ల మీద పక్కకి పడుకోబెట్టారు. తల నా ఒళ్ళో. సూది మన ఇంజెక్షన్ సూదిలా సన్నగా ఉండదు, లావే, మీరు చూడకపోతేనే మంచిది. గుచ్చినప్పుడు వాడి చర్మం ఒక్కసారి ఈగ వాలినట్టు అదిరింది, అంతే. సంచి బల్ల కింద చిన్న తూకం మీద ఉంటుంది, రక్తం దానంతటదే దిగుతుంది. ఒకమ్మాయి కింద కూర్చుని ఆ సంచిని ఉయ్యాల ఊపినట్టు ఊపుతూనే ఉంది. అందులో ముందే పోసి ఉంచిన మందుతో కలవకపోతే గడ్డకడుతుందట. 475 గ్రాములు చూపించగానే ఆపారు. నా వాచీలో 7 నిమిషాల 40 సెకన్లు. సూది తీసి ఐదు నిమిషాలు అదిమి పట్టి పట్టీ చుట్టారు. ఆ అమ్మాయి సంచిని నా చేతికిచ్చి 'చూడండి తాతగారూ' అంది. వెచ్చగా ఉంది. కుక్కపిల్లని అరచేతిలో పెట్టుకుంటే ఉండే వెచ్చదనం. నేను గబుక్కున తిరిగి ఇచ్చేశాను.

రెండు రోజులు మెడ బెల్ట్ వద్దన్నారు, ఛాతీకి కట్టే హార్నెస్ వాడాం. ఒక రోజు పరుగులు లేవు, నీళ్ళు ఎక్కువ పెట్టాలి, చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయో లేదో చూస్తుండాలి. ఆ సాయంత్రం వాడు మామూలుగానే ఉన్నాడు. నేనే రాత్రి మూడుసార్లు లేచి టార్చి వేసి చిగుళ్ళు చూశాను. మూడోసారి గుర్రుమన్నాడు.

రెండోసారీ సాఫీగా అయిపోయింది. మీరు చదవాల్సింది మూడోసారి సంగతి. సగంలో వాడు తల ఎత్తాడు. ఊరికే మూతి నాక్కోవడం మొదలుపెట్టాడు. కంటి తెల్లగుడ్డు ఒక పక్కగా కనిపిస్తోంది. ముందు కాళ్ళు బల్ల మీద ఆనించి లేవబోయాడు. నేను గట్టిగా పట్టుకున్నాను. ఒప్పుకుంటున్నాను, పట్టుకున్నాను. డాక్టరు గారు ఒక్క మాట మాట్లాడకుండా సూది తీసేశారు. సంచిలో 180 దగ్గర ఆగింది. 'ఇంకో నాలుగు నిమిషాలు పట్టుకుంటే అయిపోయేది కదండీ' అన్నాను. 'అయిపోయేది. ఆ తర్వాత వీడు ఈ గుమ్మం ఎక్కడు, మీరు పిలిచినా రాడు' అన్నారు. ఆ సంచి పనికి రాలేదు. అందులో మందు 450కి సరిపడా ఉంటుందట, రక్తం తక్కువైతే పాళ్ళు తప్పుతాయి. కళ్ళ ముందే చెత్తలో వేశారు. ఆయన మీద నాకు గురి కుదిరింది అప్పుడే.

ఆరు నెలలు అటు పోలేదు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు ఇచ్చాడు. వాడికి ఏడేళ్ళప్పుడు ఒకరోజు ఆస్పత్రి గుమ్మం ముందు నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి నిలబడిపోయాడు. లాగలేదు. వెనక్కి తిప్పి ఇంటికి తీసుకొచ్చేశాను, మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు పదేళ్ళు, ఇది రాస్తుంటే నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకున్నాడు.

ఇప్పుడు మీవారి మాట. ఆయన అన్నది నిజమే. వాణ్ణి అడగలేం, వాడు ఇస్తాననలేడు. కానీ ఇవ్వననగలడు, మనకంటే స్పష్టంగా. మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవులించడం, తోక కడుపు కిందికి ముడవడం, వేడి లేకుండానే వగర్చడం, మొహం తిప్పేసుకోవడం. తోక ఊపుతున్నాడు కాబట్టి సరే అనుకోకండి, కంగారులో కూడా ఊపుతాయి. మీరు వెళ్ళేచోట 'వాడు లేస్తే ఏం చేస్తారు?' అని ముందే అడగండి. 'మేం పట్టుకుంటాంలెండి' అంటే వచ్చేయండి.

ఇంకో సంగతి చెప్పి ఆపుతాను. రక్తం ఎక్కించి ప్రాణం నిలబెట్టడం మొట్టమొదట జరిగింది కుక్క నుంచి కుక్కకే. 1660లలో, ఇంగ్లండులో రిచర్డ్ లోయర్ అనే వైద్యుడు చేశాడు. పుచ్చుకున్న కుక్క లేచి తిరిగింది. ఇచ్చిన కుక్కని మాత్రం చచ్చేదాకా తోడేశారు. మీవారి అనుమానం కొత్తదేం కాదు.

వార్డు నుంచి:

డ్యూటీ దిగి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. జంతువుల ఆస్పత్రిలో టెక్నీషియన్‌ని. నల్లోడి తాత గారూ, ఆ సంచి ఊపే అమ్మాయిని నేనే అనుకోండి, మా చోట ఆ పని నాదే.

అక్కా, ఆ కుక్కపిల్ల సంగతి ముందు. ఎలుకల మందుల్లో చాలా రకాలు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. దానికి విరుగుడు విటమిన్ కె. కానీ అది ఇచ్చాక పనిచేయడానికి గంటలు పడుతుంది. అప్పటికే లోపల రక్తం కారుతుంటే ఆ గంటలు గడవడానికి ప్లాస్మా కావాలి, అంటే రక్తంలో గడ్డకట్టించే పదార్థాలుండే నీళ్ళలాంటి భాగం. ఒక సంచి రక్తాన్ని మెషీన్‌లో తిప్పితే ఎర్ర కణాలు ఒకవైపు, ప్లాస్మా ఒకవైపు విడిపోతాయి. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో నెలకి అటూ ఇటూ ఉంటాయి. ప్లాస్మాని ఫ్రీజర్‌లో మంచులా గట్టిపరిచి పెడితే ఏడాది నిలవ ఉంటుంది. అంటే భీముడి ఒక్క సంచి ఇద్దరికి వెళ్ళొచ్చు. నిలవ ఉంటే రాత్రి ఒంటిగంటకి ఫోన్లు చేసే పని కూడా తప్పుతుంది.

ఎంత అవసరమవుతుందో ఒక లెక్క చెప్తా, తాతగారికి నచ్చుతుంది. రక్తంలో ఎర్ర కణాల వాటాని పీసీవీ అంటాం. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో 37 నుంచి 55 శాతం దాకా. కిలోకి 2 మిల్లీలీటర్లు ఎక్కిస్తే పీసీవీ సుమారు 1 పెరుగుతుంది. పిడుదుల జ్వరంతో 12కి పడిపోయిన 20 కిలోల కుక్కని 22కి తేవాలంటే 400 కావాలి. ఒక కుక్క, ఒక డోనర్, ఒక పూర్తి సంచి. అంతకన్నా పెద్ద కుక్కయితే రెండు.

డోనర్‌కి చేసే పరీక్షల్లో పీసీవీ కనీసం 40 చూస్తాం. తర్వాత ప్లేట్‌లెట్స్, కిడ్నీ, లివర్. ముఖ్యంగా పిడుదులతో, దోమలతో వచ్చేవి: ఎర్లిషియా, బబీసియా, అనాప్లాస్మా, గుండె పురుగు. పైకి ఏ లక్షణం లేకుండా ఎర్లిషియా మోసే కుక్కలు మాకు దొరుకుతూనే ఉంటాయి. వాటి రక్తం తీసుకోం, వైద్యం మొదలుపెడతాం. డాబర్‌మన్ అయితే రక్తం సరిగ్గా గడ్డకట్టని వంశపారంపర్య జబ్బు ఉందేమో కూడా చూస్తాం, ఆ జాతిలో ఎక్కువ. టీకా వేసి వారమే అయిందన్నారు కాబట్టి ఇంకో వారమైనా ఆగి వెళ్ళండి. ముందు రోజు రాత్రి నుంచి నూనె, కొవ్వు తిండి పెట్టకండి, ప్లాస్మా పాలలా తెల్లగా వచ్చి పాడవుతుంది. అంతకు ముందెప్పుడైనా వాడికే రక్తం ఎక్కించి ఉంటే డోనర్‌గా పనికిరాడు.

గ్రూపుల గురించి అందరూ అడుగుతారు. మనకున్న ఏ, బీ, ఓ లెక్క కుక్కలకి లేదు. వాటి గ్రూపులకి డీఈఏ 1, 3, 4, 5, 7 అని పేర్లున్నాయి. వాటన్నిటిలో డీఈఏ 1 పాజిటివా నెగటివా అన్నదే మాకు ముఖ్యం. నెగటివ్ అయితే ఎక్కువమందికి ఎక్కించొచ్చు, అలాగని పాజిటివ్ పనికిరాదనేం లేదు, పాజిటివ్ కుక్కలకి అదే ఎక్కిస్తాం. తమాషా ఏంటంటే, డీఈఏ 1కి వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీలు కుక్కలకి పుట్టుకతో ఉండవు. అందుకే మొదటిసారి గ్రూపు కలవకపోయినా సాధారణంగా వెంటనే పెద్ద రియాక్షన్ రాదు. ఆ తర్వాత కొద్ది రోజుల్లో యాంటీబాడీలు తయారవుతాయి. రెండోసారి తప్పు గ్రూపు ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లుల్లో ఆ వెసులుబాటు కూడా లేదు. బీ గ్రూపు పిల్లికి మొదటిసారే ఏ గ్రూపు రక్తం కొద్దిగా వెళ్ళినా చాలు, చనిపోవచ్చు. పిల్లులున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, ఎవరైనా 'మా పిల్లి రక్తం తీసుకోండి' అని నేరుగా పట్టుకొస్తే గ్రూపు చూడకుండా ఒప్పుకోవద్దు.

పాత దెబ్బ:

అందరూ మంచే చెప్తున్నారు. నాది కూడా వినండి.

మా షేరు జర్మన్ షెపర్డ్, 33 కిలోలు. ఒక క్లినిక్‌లో డోనర్‌గా రాయించాం, పేరు చెప్పను. మొదటిసారి అన్ని పరీక్షలూ చేశారు, మర్యాదగా పంపారు. ఐదు వారాలకే ఫోన్. 'ఎమర్జెన్సీ సార్, ఇంకెవరూ లేరు.' వెళ్ళాను. పరీక్ష లేదు, ఏం లేదు, నేరుగా బల్ల ఎక్కించారు. ఇంకో ఏడు వారాలకి మళ్ళీ ఫోన్. అవతల ఎవరో ఆడామె ఏడుస్తున్నట్టు వినిపిస్తోంది, కాదనలేకపోయాను. మూడోసారి అయ్యాక షేరు మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. మొదట వయసనుకున్నా, వాడికి ఐదేళ్ళు. ఇంకో డాక్టరు దగ్గర చూపిస్తే పీసీవీ 29. అంటే రక్తం ఇంకా కోలుకోనివాడి దగ్గర నుంచి నేను తీయించానన్నమాట. తేరుకున్నాడు, కొన్ని నెలలు పట్టింది. నేనింకా తేరుకోలేదు. ఆ క్లినిక్ వాళ్ళని అడిగితే 'మీరే కదా సార్ తీసుకొచ్చారు' అన్నారు. అదీ నిజమే, అందుకే ఇంకా మంట.

వార్డు నుంచి:

పాత దెబ్బ అన్నా, మీ తప్పు కాదు. ఎంత ఎమర్జెన్సీ అయినా సన్నటి గాజు గొట్టంలో రెండు చుక్కలు పట్టి ఐదు నిమిషాలు తిప్పితే పీసీవీ తెలిసిపోతుంది. ఆ ఐదు నిమిషాలు లేవని ఎవరన్నా అంటే నేను నమ్మను. ప్రతిసారీ పరీక్ష చేయాలి, మొదటిసారి మాత్రమే కాదు. కణాలు మూడు నాలుగు వారాల్లో తిరిగి వస్తాయి, కానీ వరసపెట్టి తీస్తే ఒంట్లో ఐరన్ అడుగంటుతుంది.

అక్కా, ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, బరువు, పీసీవీ, తీసినది ఎంత. అది చూపించి 'ఇంకా టైమ్ కాలేదు' అని చెప్పడం తేలిక. ఫోన్‌లో ఏడుపు వినిపిస్తుంటే నోరు పెగలదు, పుస్తకం చూసి చెప్పొచ్చు.

నల్లోడి తాత:

నా దగ్గర ఆ పుస్తకం ఉంది. ఐదు వరసలు, ఒక వరసలో 180, దాని పక్కన ఎర్ర ఇంకుతో 'నా తప్పు' అని.

మోతీ ఇంటి నుంచి:

నేను పుచ్చుకున్న వైపు నుంచి రాస్తున్నా.

మోతీకి తన రక్తాన్ని తన ఒళ్ళే నాశనం చేసుకునే జబ్బు వచ్చింది. రెండు రోజుల్లో పీసీవీ 11. చిగుళ్ళు కాగితంలా తెల్లగా అయిపోయాయి, కళ్ళలో పసుపు. తల ఎత్తితే ఆయాసం. రెండు సంచులు ఎక్కించారు. మొదటి అరగంట చుక్క చుక్కగా వదిలారు, ఒక నర్సు పక్కనే కూర్చుని జ్వరం, నాడి, ఊపిరి చూస్తూ రాసుకుంటూనే ఉంది. రెండో సంచి సగానికి వచ్చేసరికి అది తల తిప్పి నన్ను చూసింది. నాలిక రంగు మారింది, నేను నా కళ్ళతో చూశాను.

సంచి మీద నంబరు, తీసిన తేదీ, డీఈఏ 1 నెగటివ్ అని అచ్చు వేసి ఉంది. కింద మూల ఎవరో పెన్నుతో చిన్నగా 'చింటూ' అని రాశారు.

మోతీ ఐదో రోజు పోయింది. జబ్బు ఆగలేదు. ఆ ఐదు రోజుల్లో మా అబ్బాయి హాస్టల్ నుంచి రాగలిగాడు, రెండు రాత్రులు దాని పక్కనే పడుకున్నాడు. చింటూ ఎవరి కుక్కో నాకు తెలీదు. భీముడి అమ్మగారూ, మీరు ఇప్పిస్తారో లేదో మీ ఇష్టం. ఇప్పిస్తే మాత్రం సంచి మీద పేరు రాయమని అడగండి.

భీముడి అమ్మ:

అందరికీ చాలా థాంక్సండీ. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నా.

మీ జవాబులన్నీ మావారికి చదివి వినిపించాను. పాత దెబ్బ గారిది విని 'నేను చెప్పలా?' అన్నారు. నల్లోడు గుమ్మం దగ్గర నిలబడిపోయింది విని ఏమీ అనలేదు. మర్నాడు 'పరీక్షల దాకా అయితే పద' అన్నారు. నేనూ వస్తానన్నారు, ఆయన ఎప్పుడూ రారు.

పరీక్షలన్నీ బాగున్నాయి. పీసీవీ 46, డీఈఏ 1 పాజిటివ్, పిడుదుల జబ్బులేవీ లేవు. 'వాడు లేస్తే ఏం చేస్తారు?' అని నేను అడగబోతుంటే మావారే అడిగేశారు, అదీ కొంచెం దురుసుగా. డాక్టరు గారు నవ్వి 'ఆపేస్తానండీ, ఇంకేం చేస్తాను' అన్నారు.

మొన్నామధ్య ఒక శనివారం తీసుకెళ్ళాం. బల్ల ఎక్కాడు, పక్కకి పడుకున్నాడు, బాగానే ఉంది. ట్రిమ్మర్ ఆన్ చేయగానే గోళ్ళ కత్తెర మొహం పెట్టాడు. మూతి నాక్కున్నాడు, ఒకసారి ఆవులించాడు. నేను 'ఒక్క నిమిషం ఓర్చుకో నాన్నా' అంటూ మెడ మీద చెయ్యి వేశాను. మావారు నా చెయ్యి తీసేశారు. 'వద్దంటున్నాడు' అన్నారు. డాక్టరు గారు అప్పటికే ట్రిమ్మర్ కింద పెట్టేశారు. మెడ మీద రూపాయి బిళ్ళంత జుట్టు మాత్రం పోయింది. అంతే, ఇంటికొచ్చేశాం. వీడు కారులో కిటికీ బయటికి తల పెట్టి హాయిగా ఉన్నాడు, నాకే ఏదోలా ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో జరుగుతున్నది ఇదీ. సాయంత్రం తిండి గిన్నె పెట్టే టైమ్‌కి మావారు తన గడ్డం ట్రిమ్మర్ ఆన్ చేసి గది అవతల మూల కూర్చుంటున్నారు. రోజుకో అడుగు దగ్గరికి జరుగుతున్నారు. భీముడు లేచి వెళ్ళిపోతే ఆపేసి, మర్నాడు రెండడుగులు వెనక్కి. అమ్మాయి నోట్‌బుక్‌లో రాస్తోంది. నిన్నటికి తొమ్మిదో రోజు, గిన్నెకి నాలుగడుగుల దూరం. తింటూ ఒక చెవి మాత్రం అటు తిప్పాడు.

ట్రిమ్మర్ చెయ్యి దాకా వచ్చాక ముందు ఒంటికి ఎక్కడ ఆనించాలి, భుజమా, వీపా? నల్లోడి తాత గారూ, మీరు ఆ ఆరు నెలల్లో ఏమైనా చేశారా?

నల్లోడి తాత:

భుజం. ఆన్ చేయకుండా మొదలుపెట్టండి. మొదటి వారం ట్రిమ్మర్ వెనక వైపుతో నిమరండి, చల్లగా తగులుతుంది, అలవాటవుతుంది. మావాడికి పదహారు రోజులు పట్టింది. మీవారి గడ్డం సంగతి ఆయన చూసుకోవాలి, ట్రిమ్మర్ ఇంక వాడిదే.